నెక్స్ట్‌క్లౌడ్ డెస్క్‌టాప్ క్లయింట్: లినక్స్, విండోస్, మ్యాక్‌లలో ఇన్‌స్టాలేషన్, సోర్స్ నుంచి బిల్డ్

వెన్నెలపిట్ట

అందరికీ నమస్కారం. నా దగ్గర మూడు మెషీన్లు ఉన్నాయి. రోజూ వాడేది ఉబుంటు ల్యాప్‌టాప్, ఆఫీసు పనికి విండోస్ 11, వీడియో ఎడిటింగ్‌కి మ్యాక్. మూడింట్లోనూ నెక్స్ట్‌క్లౌడ్ (సొంత సర్వర్‌లో ఫైళ్లు దాచుకునే ప్రోగ్రాము) క్లయింట్ పెట్టి ఒకే డాక్యుమెంట్ల ఫోల్డర్ సింక్ చేసుకోవాలి. సర్వర్ ఎప్పటినుంచో బాగానే నడుస్తోంది, దాని గురించి టెన్షన్ లేదు.

ఇంకో సంగతి. క్లయింట్‌కి తెలుగు అనువాదం మీద పనిచేస్తున్నాను. వాక్యాలు తెరమీద ఎలా కనిపిస్తాయో చూసుకోవాలంటే సోర్స్ నుంచి బిల్డ్ చేయక (అంటే కోడ్‌ని కంపైల్ చేసి ప్రోగ్రాము తయారుచేసుకోక) తప్పదన్నారు. అలాగైతే మూడు సిస్టమ్స్‌లోనూ బిల్డ్ చేయాలా?

ప్రస్తుతానికి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. ఉబుంటులో యాప్‌ఇమేజ్ (ఒకే ఫైల్‌గా వచ్చే ప్రోగ్రాము) దించుకుని డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగడం లేదు. ఎర్రర్ కూడా రావడం లేదు.

పాతకాపు

డబుల్ క్లిక్‌కి ఉలుకూ పలుకూ లేకపోతే రెండు చూడాలి. ఫైల్ ప్రాపర్టీస్‌లో ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చారా? ఇచ్చి ఉంటే టెర్మినల్‌లోంచి నడపండి, అసలు కారణం అక్కడ కనిపిస్తుంది. లిబ్‌ఫ్యూజ్ పేరు చెప్పి, వెర్షన్ 2 లోడ్ కాలేదని వస్తే మాత్రం ఇది చాలామందికి ఎదురయ్యే విషయమే. యాప్‌ఇమేజ్ తనను తాను ఒక డిస్క్‌లా మౌంట్ చేసుకుని నడుస్తుంది, అందుకు ఫ్యూజ్ 2 లైబ్రరీ కావాలి. ఉబుంటు 22.04 నుంచి అది సిస్టమ్‌తో పాటు రావడం లేదు. 22.04లో ఆ ప్యాకేజీ పేరు లిబ్‌ఫ్యూజ్2, 24.04లో లిబ్‌ఫ్యూజ్2టీ64. పేరు చివర ఉన్నది కూడా సరిగ్గా చూసి పెట్టండి. ఒట్టి "ఫ్యూజ్" అనే ప్యాకేజీ పెట్టారంటే అది ఫ్యూజ్ 3ని తీసేస్తుంది, దానితో పాటు డెస్క్‌టాప్‌కి అవసరమైన భాగాలూ పోతాయి. ఆ కమాండ్ ఇవ్వమని చెప్పే పాత సలహాలు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి.

అయినా నన్నడిగితే రోజువారీ వాడకానికి యాప్‌ఇమేజ్ కంటే డిస్ట్రో (అంటే ఉబుంటు లాంటి లినక్స్ రకం) ఇచ్చే ప్యాకేజీయే మేలు. డెబియన్, ఉబుంటులో నెక్స్ట్‌క్లౌడ్-డెస్క్‌టాప్ అనే పేరుతో ఉంటుంది, ఫెడోరా, ఆర్చ్‌లలో నెక్స్ట్‌క్లౌడ్-క్లయింట్. ఉబుంటు వాళ్లకి కొత్త వెర్షన్ కావాలంటే పీపీఏ (ఉబుంటుకి అదనంగా చేర్చుకునే ప్యాకేజీల మూలం) ఉంది. ఫైల్ మేనేజర్‌లో ఆకుపచ్చ టిక్కులు, కుడి క్లిక్ మెనూ రావాలంటే నాటిలస్‌కి, డాల్ఫిన్‌కి, నెమోకి విడివిడిగా చిన్న ప్యాకేజీలు ఉంటాయి, అవీ వేసుకోవాలి. ఫ్లాట్‌ప్యాక్‌లో క్లయింట్ బాగానే నడుస్తుంది కానీ శాండ్‌బాక్స్ లోపల ఉంటుంది కాబట్టి ఫైల్ మేనేజర్‌తో ఈ కలయిక దొరకదు.

నీలిబాట

దీనికి ఒకటి కలుపుతాను. ఫెడోరా లాంటి వాటిలో క్లయింట్ నడుస్తున్నా పై బార్‌లో ఐకాన్ కనిపించదు. గ్నోమ్ 3.26లో, అంటే 2017లో, పాత ట్రేని తీసేశారు. యాప్‌ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే ఐకాన్ వస్తుంది. ఉబుంటులో అది ముందే ఉంటుంది.

ఐ3 లాంటి తేలికపాటి విండో మేనేజర్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. మెషీన్ ఆన్ చేసిన ప్రతిసారీ క్లయింట్ మళ్లీ లాగిన్ అవ్వమంటుంది. పాస్‌వర్డ్ టోకెన్‌ని అది కాన్ఫిగ్ ఫైల్‌లో రాయదు, పాస్‌వర్డ్‌లు దాచే గ్నోమ్ కీరింగ్‌కో కేవాలెట్‌కో అప్పగిస్తుంది. ఆ సర్వీస్ నడవకపోతే దాచుకునే చోటే ఉండదు. క్లయింట్‌ని తీసేసి మళ్లీ పెట్టినా లాభం లేదు, కీరింగ్ సర్వీస్‌ని లాగిన్‌తో పాటు మొదలయ్యేలా చూసుకోవాలి.

వెన్నెలపిట్ట

పాతకాపు గారూ, మీరన్నట్టే లిబ్‌ఫ్యూజ్ సంగతే. యాప్‌ఇమేజ్ వదిలేసి పీపీఏ నుంచి పెట్టుకున్నాను, లాగిన్ అయింది. కానీ పెద్ద ఫోల్డర్ సింక్ అయ్యాక, ఏదైనా ఫైల్ మారిస్తే కొన్నిసార్లు వెంటనే వెళ్తోంది, కొన్నిసార్లు చాలాసేపటికి గానీ వెళ్లడం లేదు. లోపల సబ్‌ఫోల్డర్లు బోలెడు ఉన్నాయి.

పాతకాపు

సబ్‌ఫోల్డర్లు బోలెడన్నారుగా, ముందు అనుమానించాల్సింది ఐనోటిఫై పరిమితినే. లినక్స్‌లో ఫోల్డర్ లోపలి మార్పులు తెలుసుకోవడానికి ప్రతి సబ్‌ఫోల్డర్‌కీ ఒక్కో వాచ్ పెట్టాలి. చెట్టు మొత్తానికి కలిపి ఒకటి పెట్టే వీలు లేదు. మ్యాక్‌లో ఎఫ్‌ఎస్‌ఈవెంట్స్, విండోస్‌లో వాళ్ల ఏపీఐ చెట్టు మొత్తాన్నీ ఒకేసారి చూస్తాయి, అందుకే అక్కడ ఈ సమస్య వినపడదు. పాత కెర్నెల్స్‌లో ఒక యూజర్‌కి 8192 వాచ్‌లే. 5.11 నుంచి మెమరీని బట్టి పెరుగుతుంది, గరిష్ఠంగా 10,48,576 దాకా. కోడ్ ఎడిటర్లు కూడా ఇదే కోటాలోంచి తీసుకుంటాయి. వాచ్‌లు అయిపోతే మిగిలిన ఫోల్డర్లలో మార్పులు క్లయింట్‌కి వెంటనే తెలియవు, ఎప్పుడో ఒకసారి మొత్తం స్కాన్ చేసినప్పుడే తెలుస్తాయి. మీకు కనిపిస్తున్న ఆలస్యం అదే అయి ఉండాలి. సిస్‌కంట్రోల్ సెట్టింగ్‌లో మ్యాక్స్ యూజర్ వాచెస్ విలువ ఎంత ఉందో చూసి, తక్కువైతే పెంచి, రీబూట్ తర్వాత కూడా నిలిచేలా ఫైల్‌లో రాయండి.

కిటికీపక్కన

విండోస్ గురించి నేను చెప్తాను. ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ దించుకోవచ్చు, లేదా విన్‌గెట్‌తో పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ అవ్వగానే, ఆ తర్వాత ప్రతి అప్‌డేట్‌కీ రీస్టార్ట్ అడిగే అవకాశం ఉంది. ఎందుకంటే షెల్ ఎక్స్‌టెన్షన్ డీఎల్‌ఎల్‌ని ఎక్స్‌ప్లోరర్ లోడ్ చేసి పట్టుకుని ఉంటుంది, అది వదిలితే తప్ప పాత ఫైల్‌ని మార్చలేరు.

చాలామంది అడిగేది, "సింక్ అవుతోంది కానీ ఐకాన్ మీద టిక్కులు రావడం లేదు" అని. ఐకాన్ మీద గుర్తులు వేసే ప్రోగ్రాములు ఎన్ని ఉన్నా విండోస్ 15 గుర్తుల్నే లెక్కలోకి తీసుకుంటుంది, వాటిలో కొన్ని తన సొంతానికే వాడుకుంటుంది. రిజిస్ట్రీలో పేర్లు అక్షరక్రమంలో చూసి పైన ఉన్నవాటికి ఇస్తుంది. అందుకని ముందు వరుసలోకి రావడానికి కొన్ని ప్రోగ్రాములు తమ పేరు ముందు ఖాళీలు కూడా పెట్టుకుంటాయి. రెండు మూడు సింక్ ప్రోగ్రాములున్న మెషీన్‌లో కోటా ఇట్టే నిండిపోతుంది. వర్చువల్ ఫైల్స్ (పేర్లు మాత్రమే కనిపించి, తెరిచినప్పుడే ఫైల్ దిగే పద్ధతి) ఆన్ చేసుకుంటే ఈ పోటీతో పనే లేదు, స్థితి అంతా ఎక్స్‌ప్లోరర్‌లోని స్టేటస్ కాలమ్‌లో వస్తుంది. విండోస్ 10, 1709 వెర్షన్‌తో వచ్చిన క్లౌడ్ ఫైల్స్ ఏపీఐ మీద అది నడుస్తుంది. డ్రైవ్ మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి ఉండాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. విండోస్ 11లో డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లు చాలా మెషీన్లలో అప్పటికే వన్‌డ్రైవ్ కింద ఉంటాయి. నెక్స్ట్‌క్లౌడ్ ఫోల్డర్‌ని వాటి లోపల పెట్టకండి. ఒకే ఫైల్‌ని రెండు సింక్ ప్రోగ్రాములు చూస్తుంటే ఒకదాని మార్పు రెండోదానికి కొత్త మార్పులా కనిపిస్తుంది, ఫోల్డర్ నిండా కాన్‌ఫ్లిక్ట్ కాపీలు పేరుకుపోతాయి. యూజర్ ఫోల్డర్ కింద విడిగా ఒకటి పెట్టుకోండి.

మ్యాక్‌మిత్ర

మ్యాక్‌లో ఇన్‌స్టాలేషన్ తేలికే. అధికారిక ప్యాకేజీ అయినా సరే, హోమ్‌బ్రూ కాస్క్ అయినా సరే. ఫైండర్‌లో గుర్తులు రాకపోతే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టెన్షన్స్‌లోకి వెళ్లి నెక్స్ట్‌క్లౌడ్‌ది ఆన్ చేయాలి. అంతే.

అసలు గొడవ మ్యాక్‌ని లినక్స్‌తో కలిపినప్పుడు ఫైల్ పేర్ల దగ్గర వస్తుంది. మ్యాక్ డిస్క్ మామూలుగా పెద్దబడి, చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలకు తేడా చూడదు, లినక్స్ చూస్తుంది. లినక్స్‌లో అవే అక్షరాలతో, పెద్దాచిన్నా తేడాతో రెండు ఫైళ్లుంటే మ్యాక్‌లో వాటిలో ఒకదానికి చోటు దొరకదు.

స్రవంతి_టెస్టింగ్

మ్యాక్‌మిత్ర గారు చెప్పినదానికి తెలుగు పేర్ల సంగతి కూడా చేర్చాలి. మన భాషలో ఫైళ్లకు పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇది తప్పక ఎదురవుతుంది, బయట డాక్యుమెంటేషన్‌లో ఎవరూ రాయరు.

"పైకం" అనే పేరు తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, 0సీ48 అనే ఒకే కోడ్. రెండోది, ఎత్వం 0సీ46 వేసి, దాని కింద వచ్చే గుర్తు 0సీ56 కలపడం. తెరమీద రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టిన రూపంలోనే దాస్తుంది. ఇప్పటి ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన రూపాన్ని అలాగే ఉంచుతుంది, కానీ పోల్చేటప్పుడు రెండూ ఒకటే అనుకుంటుంది. లినక్స్‌కి మాత్రం అవి వేర్వేరు బైట్లు, కాబట్టి వేర్వేరు ఫైళ్లు. పాత మ్యాక్ డిస్క్ నుంచి జిప్ చేసో, ఆర్‌సింక్‌తోనో తెచ్చిన ఫైళ్లు లినక్స్ సింక్ ఫోల్డర్‌లో పడితే ఒకే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన కనిపించడానికి కారణం ఇదే. కాన్వ్‌ఎంవీ అనే టూల్ ఫోల్డర్ మొత్తం పేర్లను కలిపిన రూపానికి, అంటే ఎన్‌ఎఫ్‌సీకి మారుస్తుంది. సింక్ ఆన్ చేయకముందే ఆ పని చేసుకోవాలి.

పేరు పొడవు కూడా చూడండి. ఈఎక్స్‌టీ4లో ఒక పేరుకి 255 బైట్లే. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, అంటే 85 కోడ్‌లతో సరి. ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడి కోడ్‌లే, "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే ఆరు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పరిమితి 255 యూటీఎఫ్-16 యూనిట్లు, అక్కడ తెలుగు కోడ్ ఒక యూనిట్ మాత్రమే తీసుకుంటుంది. వ్యాసం మొదటి వాక్యాన్నే ఫైల్ పేరుగా పెట్టుకునే అలవాటున్నవాళ్లు విండోస్‌లో హాయిగా సేవ్ చేస్తారు, అదే ఫైల్ లినక్స్‌లో దిగనే దిగదు.

నీలిబాట

స్రవంతి గారూ, ఈ 85 లెక్క నాకు తెలియదు. చాలా ఉపయోగపడే విషయం. అటునుంచి ఇటు కూడా ఉందండీ. లినక్స్‌లో పేరులో కోలన్, ప్రశ్నార్థకం, కొటేషన్ మార్కులు పెడితే విండోస్ ఒప్పుకోదు. చివర చుక్కో ఖాళీయో ఉన్నా అంతే.

వెన్నెలపిట్ట

నా పాత డాక్యుమెంట్లన్నీ తెలుగు పేర్లే. ముందు వాటిని సరిచేసుకుంటాను. ఇక బిల్డ్ సంగతి చెప్పండి. బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ టూల్ నడిపితే, క్యూటీ కీచైన్ అనే లైబ్రరీ దొరకలేదని ఆగింది. అది పెట్టాక లింగ్విస్ట్ టూల్స్ దొరకలేదంది. ఒకటి తీరిస్తే ఇంకొకటి.

పాతకాపు

ముందు మీ మొదటి ప్రశ్నకి జవాబు: మూడింట్లోనూ బిల్డ్ చేయక్కర్లేదు. మీ పని అనువాదం చూసుకోవడం. దానికి ఒక్క లినక్స్ బిల్డ్ చాలు, వాక్యాలు మూడింటికీ ఒకే ఫైల్‌లోంచే వస్తాయి. విండోస్, మ్యాక్‌లలో అధికారిక ఇన్‌స్టాలర్‌నే ఉంచుకోండి. ఈ క్లయింట్ పాస్‌వర్డ్ స్టోర్‌తో, ఫైల్ సిస్టమ్‌తో, ఫైల్ మేనేజర్‌తో మూడింటితోనూ ముడిపడి ఉంటుంది. ఆ మూడూ ఒక్కో ఓఎస్‌లో ఒక్కో తీరు. కోడ్ మార్చేవాళ్లు తప్ప మిగతావాళ్లు మూడు చోట్లా ఆ ముళ్లు విప్పుకుంటూ కూర్చోవడం అనవసరమని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు మీ ఎర్రర్లు. సీమేక్ లేనివన్నీ ఒకేసారి చెప్పదు, తప్పనిసరి అయినది ఎదురైన చోటే ఆగుతుంది. ఒక్కోటి తీర్చుకునే బదులు డెబియన్, ఉబుంటులో ఆప్ట్‌కి ఉన్న బిల్డ్-డెప్ కమాండ్ వాడండి. సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌లో సోర్స్ కోడ్ అన్న టిక్ పెట్టి, నెక్స్ట్‌క్లౌడ్-డెస్క్‌టాప్ పేరు ఇస్తే ఆ ప్యాకేజీ కట్టడానికి డిస్ట్రో వాళ్లు వాడినవన్నీ వచ్చేస్తాయి. క్యూటీ (క్లయింట్ కట్టడానికి వాడిన లైబ్రరీ), క్యూటీ కీచైన్, ఎస్‌క్యూలైట్, ఓపెన్ఎస్ఎస్ఎల్, కేఆర్కైవ్, ఎక్స్‌ట్రా సీమేక్ మాడ్యూల్స్ అన్నీ ఇలాగే తెచ్చుకోవచ్చు. ఇంక్‌స్కేప్ కూడా వస్తే ఆశ్చర్యపోకండి, ఎస్‌వీజీ బొమ్మల నుంచి ఐకాన్లు తయారుచేయడానికి దాన్ని పిలుస్తారు.

గిట్‌లో మాస్టర్ బ్రాంచి తీసుకోవద్దు, విడుదలైన ట్యాగ్ తీసుకోండి. ఉబుంటు 22.04లో క్యూటీ 6.2, 24.04లో 6.4 ఉన్నాయి. క్లయింట్ 3 సిరీస్ మొదట్లో క్యూటీ 5 మీద ఉండేది, తర్వాత 6కి మారింది. మాస్టర్‌కి ఇంకా కొత్త క్యూటీ కావాల్సి రావచ్చు. అప్పుడు క్యూటీ ఇన్‌స్టాలర్‌తో కొత్తది దించుకుని సీమేక్ ప్రిఫిక్స్ పాత్‌లో దాని దారి ఇవ్వొచ్చు, కానీ క్యూటీ కీచైన్‌నీ, కేఆర్కైవ్‌నీ కూడా ఆ కొత్త క్యూటీతోనే బిల్డ్ చేసుకోవాలి. డిస్ట్రోవి వాటికి, కొత్తది దీనికి అని కలిపితే బిల్డ్ అయినట్టే అయి నడిపేటప్పుడు ఆగిపోతుంది. క్యూటీ మార్చిన ప్రతిసారీ బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మొదట్నుంచి చేయండి, సీమేక్ క్యాష్‌లో పాత దారులు అలాగే ఉంటాయి.

ర్యామ్ తక్కువున్న మెషీనైతే కంపైలర్‌ని కెర్నెల్ మధ్యలోనే చంపేస్తుంది, "కిల్డ్" అన్న ఒక్క మాట మిగులుతుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు. ఒకేసారి నడిచే జాబ్‌ల సంఖ్య తగ్గించండి.

కిటికీపక్కన

విండోస్‌లో బిల్డ్ చేసే తీరాలనుకునేవాళ్ల కోసం క్లుప్తంగా. విజువల్ స్టూడియో కంపైలర్, పైథాన్, కేడీఈ వాళ్ల క్రాఫ్ట్ అనే టూల్ కావాలి. నెక్స్ట్‌క్లౌడ్ వాళ్లు క్రాఫ్ట్ కోసం బ్లూప్రింట్లు విడిగా ఇచ్చారు, వాటిని చేర్చుకుంటే డిపెండెన్సీలన్నీ క్రాఫ్టే చూసుకుంటుంది. క్యూటీ సిద్ధంగా క్యాష్‌లో దొరికితే సరే, సోర్స్ నుంచి కట్టడం మొదలుపెడితే మాత్రం గంటలు పడుతుంది. క్రాఫ్ట్ ఫోల్డర్‌ని సీ డ్రైవ్ మొదట్లోనే పొట్టి పేరుతో పెట్టండి. 260 అక్షరాల పాత్ పరిమితి ఇక్కడే కాటేస్తుంది.

మ్యాక్‌మిత్ర

మ్యాక్‌లోనూ దారి క్రాఫ్టే. ఆపిల్ సిలికాన్‌లో ప్రతి బైనరీకీ సంతకం ఉండాల్సిందే, కనీసం యాడ్-హాక్ (సర్టిఫికెట్ లేని) సంతకమైనా. లింకర్ అది తానే వేస్తుంది. ఇబ్బంది ఏంటంటే బిల్డ్ చేసిన ప్రతిసారీ ఆ సంతకం మారుతుంది, అందుకని కీచైన్‌కి మీ యాప్ ప్రతిసారీ కొత్త యాప్‌లా కనిపించి పాస్‌వర్డ్ అడుగుతుంది. డెవలపర్ సర్టిఫికెట్‌తో సంతకం చేసుకుంటే ఈ బెడద పోతుంది.

వెన్నెలపిట్ట

బిల్డ్ అయింది! బిల్డ్ ఫోల్డర్‌లోని బైనరీ నడుస్తోంది. హోమ్‌లో విడిగా ఒక ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ చేసి అక్కణ్నుంచి నడిపితే మాత్రం లిబ్‌నెక్స్ట్‌క్లౌడ్‌సింక్ తెరవలేకపోయానంటోంది. ఫైల్ ఆ ఫోల్డర్‌లోనే కళ్లెదుట ఉంది.

పాతకాపు

బిల్డ్ ఫోల్డర్‌లో ఉన్నంతసేపూ బైనరీలో లైబ్రరీల దారి రాసి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీమేక్ ఆ దారిని తుడిచేస్తుంది. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మీ ఫోల్డర్ ఇచ్చి నడపండి. అది ఇవ్వకుండా అదృష్టవశాత్తూ నడిచినా సంతోషించకండి, పీపీఏతో వచ్చిన పాత లైబ్రరీని తీసుకుని నడుస్తూ ఉండొచ్చు. ఎల్‌డీడీ కమాండ్‌తో ఏ ఫైల్‌ని పట్టుకుందో చూస్తే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: మీరు బిల్డ్ చేసినదాన్ని మీ అసలు డాక్యుమెంట్ల మీద నడపొద్దు. సర్వర్‌లో టెస్ట్ అకౌంట్ ఒకటి చేయండి. నడుస్తున్న పాత క్లయింట్‌ని క్విట్ చేయండి. తర్వాత కాన్ఫ్‌డిర్ ఆప్షన్‌తో వేరే కాన్ఫిగ్ ఫోల్డర్ చూపించి మీదాన్ని మొదలుపెట్టి, టెస్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. సింక్ ప్రోగ్రాములో తప్పు జరిగితే అది ఆ మెషీన్‌తో ఆగదు. డిలీట్ కూడా నమ్మకంగా మిగతా రెండిటికీ చేరుతుంది.

స్రవంతి_టెస్టింగ్

అనువాదం గురించి. మీ టీఎస్ ఫైల్‌ని (అనువాద వాక్యాలు ఉండేది) ట్రాన్స్‌లేషన్స్ ఫోల్డర్‌లో మిగతా భాషల వరుసలో పెట్టి బిల్డ్ చేస్తే ఎల్‌రిలీజ్ దాన్ని క్యూఎం ఫైల్‌గా మారుస్తుంది. క్లయింట్ సిస్టమ్ భాషను చూసుకుంటుంది కాబట్టి డెస్క్‌టాప్ మొత్తం తెలుగులోకి మార్చనక్కర్లేదు, నడిపేటప్పుడు లాంగ్వేజ్ వేరియబుల్‌లో తెలుగు కోడ్ ఇస్తే చాలు. శాతం గుర్తు పక్కన 1, 2 ఉన్నవాటిని చెరపకండి, కానీ వరుస మార్చుకోవచ్చు. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వెళ్తుంది కాబట్టి తరచూ మార్చాల్సే వస్తుంది. సంఖ్య వచ్చే వాక్యాలకి ఏకవచనం, బహువచనం రెండూ నింపండి.

సరిచేసిన ఫైల్‌ని నేరుగా గిట్‌హబ్‌కి పంపొద్దు. నెక్స్ట్‌క్లౌడ్ అనువాదాలు ట్రాన్సిఫెక్స్ అనే అనువాదాల సైట్‌లో జరుగుతాయి, అక్కణ్నుంచి బాట్ తెచ్చి పాత వాటి మీద రాసేస్తుంది. ఖరారు చేసినవి ట్రాన్సిఫెక్స్‌లో పెడితేనే నిలుస్తాయి.

వెన్నెలపిట్ట

తెలుగులో తెరుచుకుంది. సెట్టింగ్స్‌లో ఒకటి రెండు బటన్ల మీద మాటలు తెగిపోతున్నాయి, వాటిని కుదిస్తాను. అందరికీ కృతజ్ఞతలు.

ఆఖరి ప్రశ్న ఒకటి. విండోస్‌లో, మ్యాక్‌లో డిస్క్ చోటు తక్కువ. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, సింక్ ఫోల్డర్ అందులో పెట్టి, రెండు మెషీన్లకీ మార్చి మార్చి తగిలిస్తే?

కిటికీపక్కన

వద్దండీ. క్లయింట్ ఆ ఫోల్డర్ లోపలే ఒక దాగిన డేటాబేస్ పెట్టుకుని, చివరిసారి ఏ ఫైల్ ఏ స్థితిలో ఉందో అందులో రాసుకుంటుంది. రెండు మెషీన్ల క్లయింట్లు ఒకే ఫోల్డర్ మీద ఎవరి లెక్క వాళ్లు రాసుకుంటే ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు. పైగా ఎక్స్‌ఫ్యాట్ మీద విండోస్ వర్చువల్ ఫైల్స్ నడవవు. విండోస్‌లో లోపలి డిస్క్ మీదే వర్చువల్ ఫైల్స్ ఆన్ చేయండి, చోటు సమస్య దానితోనే తీరుతుంది. మ్యాక్‌లో సెలెక్టివ్ సింక్‌తో అవసరమైన ఫోల్డర్లే దించుకోండి.

పాతకాపు

మ్యాక్‌కి ఎక్స్‌టర్నల్ డిస్క్ తప్పదనుకుంటే ఏపీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి ఆ ఒక్క మెషీన్‌కే ఉంచండి. డిస్క్ తగిలించకుండా క్లయింట్ మొదలైనప్పుడు "ఫైళ్లన్నీ పోయాయి, సర్వర్‌లోనూ తీసేయాలా" అన్న అర్థంలో డైలాగ్ వస్తే, ఫైళ్లు ఉంచమనే బటనే నొక్కండి. తర్వాత డిస్క్ తగిలించి క్లయింట్‌ని మళ్లీ తెరవండి. ఇంకా మంచిది, ఆ మ్యాక్‌లో క్లయింట్ దానంతటది మొదలయ్యే సెట్టింగ్ తీసేసి, డిస్క్ పెట్టాకే మీరే తెరవడం.